గొంతు మైల

పర్లాకిమిడిలో నేను రిక్షా మైకువాణ్ణి.
పాతపట్నం టాకీసులో కొత్త బొమ్మ పడితే
సరిహద్దు ఇవతల చెప్పడం నా పని.
ఒక సందులో "నేడే చూడండి",
మలుపు తిరిగితే "ఆసంతు, దేఖంతు".
రెండు భాషలకీ ఒకటే బ్యాటరీ.
సంతకి కొండ దిగిన సవరలకి మాత్రం
పోస్టరు వాళ్ళ వైపు తిప్పితే చాలు.

ఆ పోస్టరు మీద, ఎడం మూల,
తమలపాకంత జాగాలో ఇందుమాల.
అంటే మా వీధి కంచరాన పోలమ్మ.
కొమ్ము బొమ్మలు చెక్కే ఇళ్ళకి నాలుగు గడపల అవతల పుట్టింది.
చిన్నరైల్లో నౌపడా దాకా, అక్కణ్ణించి మెయిల్లో మద్రాసుకి
బయల్దేరిన నాడు దాని చేతిలో
అటుకుల మూట, తడవకుండా కాగితంలో చుట్టిన ఫొటో ఒకటి.

మొదటి షాటులో
"ఓలమ్మ, బావొచ్చీసినాడు!" అందట.
లైట్లు పట్టుకున్నవాళ్ళు కూడా నవ్వేరట.
డైరెక్టరు మంచివాడే, నెమ్మదిగానే చెప్పేడట:
"మొహం నీది ఉంచుదాం అమ్మాయ్,
మాట వేరే చోటి నించి తెప్పిద్దాం."

మాట తెనాలి నించి వచ్చింది.
పేరు చల్లా విశాలాక్షి.
నలభై ఒక్క సినిమాలు, అన్నిట్లోనూ ఆవిడే.
చెల్లెలి వేషాలు పదకొండు,
తొమ్మిదిట్లో చచ్చిపోయింది పోలమ్మ.
చావు తనది, మూలుగు విశాలాక్షిది.

ఇద్దరూ కలిసింది ఒక్కసారి,
రికార్డింగు గది బయట మెట్ల మీద.
"మీ పెదాలకి తొందరెక్కువండీ,
నాకు ఊపిరి అందదు" అని నవ్విందట ఆవిడ.
అప్పట్నించి పోలమ్మ
ప్రతి మాట చివరా అరక్షణం ఆగేది.
అదేదో నటన అనుకుని
పత్రికల వాళ్ళు మెచ్చుకున్నారు.

తర్వాత చెల్లెలు వదిన అయింది,
వదిన గుమ్మంలో నిలబడే మనిషి అయింది,
ఆ గుమ్మం కూడా సెట్టులో లేకుండా పోయింది.
చిన్నరైలు పెద్దరైలయిన ఏడు
ఒక ట్రంకు పెట్టెతో తిరిగొచ్చింది.
మా ఇద్దరి ఇళ్ళకీ మధ్య ఒంటి ఇటుక గోడ.
"మైకు అమ్మీసేవేట్రా?" అనడిగింది, అంతే.

మొన్న మాఘంలో మద్రాసు నించి ఫోనొచ్చింది.
పోలమ్మ పొయ్యి ఆర్పీసింది.
తలారా నీళ్ళు పోసుకుని
తడిచీరతో అరుగు మీద కూచుంది.
కూరల దాలయ్యకి వేళ్ళు చూపించింది.
దేవుడికి చేతులు చూపించింది.
"నీకేటవుద్దే ఆవిడ?" అంటే
మా మనవరాలి పలక తీసుకుని రాసింది:
నా గొంతుకి మైల.

పదకొండు రోజులు
గోడ అవతల చెంబు చప్పుడు తప్ప ఏమీ లేదు.

పన్నెండో రాత్రి టీవీలో దాని పాత సినిమా.
నేనిక్కడ చూస్తున్నాను, సౌండు తగ్గించి.
అవతల సౌండే లేదు.
తెర మీద చెల్లెలు అన్న ఒళ్ళో తల పెట్టింది.
గోడలోంచి వినబడింది,
"అన్నియ్యా, నానెల్లిపోతన్నాను.
వదిన్నేటీ అనకు. మో రాణ."
గరగరలాడే గొంతు,
సగం మా వీధిది, సగం పక్క సాహిది,
మద్రాసులో ఏ డైరెక్టరూ ఒప్పుకోని యాస.
సినిమా అయిపోయేదాకా చెప్పింది,
తనవీ, హీరోవీ, డాక్టరువీ, అందరివీ.
ప్రతి మాట చివరా మాత్రం
ఆ అరక్షణం ఆగుతూనే ఉంది,
ఎవరో ఊపిరి తీసుకోవాలన్నట్టు.

తెల్లారి దాలయ్య బండి దగ్గర
"ముదురొంకాయలు నాకేలరా, నీ మొహానికి నువ్వే వండుకో" అంటోంది.
ఎక్కడా ఆగడం లేదు.